కొత్తగా కట్టిన బోటు ఇంజనుకు ఆయిల్ ప్రెషర్ టెస్ట్ గేజి: కొనొచ్చా, కొంటే ఎట్లా వాడాలి

సముద్రంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. ఇంజన్లు దించేదీ, బోరింగు చేయించేదీ, తిరిగి కట్టేదీ ఎక్కువగా ఆ రోజుల్లోనే. నిషేధం ముగిసే ముందు కృష్ణపట్నం నుంచి కొత్తపట్నం దాకా మెకానిక్కులకు తరచూ వచ్చే ఫోను ఇది: "అన్నా, మొన్న కట్టిన ఇంజనే, మీటరు ముల్లు పడిపోతా ఉంది." చాలాచోట్ల ముందు సెండరు (ఇంజను మీద ఉండి ఆయిల్ ప్రెషర్‌ను మీటరుకు చెప్పే ముక్క) మారుస్తారు. తర్వాత ఆయిల్ పంపు మారుస్తారు. అప్పటికీ ముల్లు లేవకపోతే చాంబరు (ఇంజను అడుగున ఆయిలు నిలిచే తొట్టి) విప్పాలంటారు. లారీకైతే కిందికి దూరి చాంబరు దించొచ్చు. బోటులో ఇంజను బెడ్డు మీద కూర్చుని ఉంటుంది, చాంబరుకూ బోటు అడుగుకూ మధ్య చెయ్యి దూరడమే కష్టం. షాఫ్టు కప్లింగు విప్పాలి, చైన్ బ్లాకు వేసి ఇంజను లేపాలి, మళ్లీ దించి అలైన్‌మెంటు సరిచూసుకోవాలి. అంత పని పెట్టుకునే ముందు ప్రెషర్ నిజంగా ఎంతుందో కొలవాలి. డాష్‌బోర్డు మీటరు చెప్పే మాట మీద ఇంజను లేపకూడదు.

అందుకు కావలసిన వస్తువే ఈ మెకానికల్ ఆయిల్ ప్రెషర్ టెస్ట్ కిట్. ఆన్‌లైన్‌లో రకరకాల పేర్లతో, రెండు వేలకు అటూ ఇటూ ధరలో దొరుకుతుంది. పేరు ఏదైనా ప్లాస్టిక్ పెట్టె లోపలి సరుకు దాదాపు ఒకటే: 0 నుంచి 10 బార్ దాకా గీతలున్న గుండ్రటి గేజి, ఒకటిన్నర మీటర్ల లోపు రబ్బరు హోస్, సెండరు ఊడదీసిన రంధ్రంలో బిగించడానికి పది దాకా అడాప్టర్లు. కరెంటు లేదు, వైరు లేదు. గ్యాలరీలోని (బ్లాకు లోపల ఆయిలు పారే దారి) ఆయిలు హోస్ గుండా నేరుగా గేజి దాకా వస్తుంది. మన మెకానిక్కులు కేజీల్లో మాట్లాడతారు కాబట్టి ఒక్క మాట: ఒక బార్ అంటే ఇంచుమించు ఒక కేజీ, 14.5 పిఎస్‌ఐ. ఈ పనికి ఆ తేడా లెక్కలోకి రాదు.

పెట్టెలో ఏది బాగుంది, ఏది మార్చుకోవాలి

గేజి బాగుంది. రెండు వేల లోపు గేజిలో ఇంతకన్నా కచ్చితం అడగలేం, అవసరం కూడా లేదు. కొనేటప్పుడు డయల్ లోపల గ్లిజరిన్ నింపినదే తీసుకోండి. డీజిల్ ఇంజను అదురుకు పొడి గేజిలో ముల్లు వణుకుతూనే ఉంటుంది. ఆ వణుకు ఇంజనుదో గేజిదో తేల్చలేం. ముల్లు వణుకుడే ఒక రోగ లక్షణం (కింద చెబుతాం) కాబట్టి ఇది చిన్న విషయం కాదు. కొత్త గేజిని నమ్మే ముందు హైవే పక్కన లారీ టైర్ల షాపుకు తీసుకెళ్లి కంప్రెసర్ లైనుకు తగిలించి చూడండి. 40, 60, 80 పిఎస్‌ఐల దగ్గర కంప్రెసర్ గేజితో పోల్చితే చాలు. నాలుగైదు పిఎస్‌ఐ తేడా ఉంటే ఫర్వాలేదు, అంతకు మించితే వెనక్కి పంపండి. గాలి లైనులో నీటి తేమ ఉంటుంది, ఇంజనుకు పెట్టే ముందు హోస్‌ను శుభ్రంగా డీజిల్‌తో కడిగి ఆరబెట్టాలి.

హోస్ మాత్రం పెట్టెలో బలహీనమైన భాగం. వేడి ఆయిలు 90, 100 డిగ్రీల దగ్గర ఉంటుంది. చవక రబ్బరు ఆ వేడికి మెత్తబడి, ఇత్తడి ముక్క నొక్కిన చోట చెమ్మగిల్లడం మొదలవుతుంది. అక్కడ హోస్ ఊడితే ఇంజను రూము నిండా వేడి ఆయిలు చిమ్ముతుంది, సైలెన్సరు మీద పడితే అంటుకుంటుంది. కొన్నవెంటనే హోస్ మార్పించండి. చీమకుర్తి క్వారీల యంత్రాల పుణ్యమా అని ఒంగోలులో హైడ్రాలిక్ హోస్ క్రింపింగు చేసే షాపులకు కొదవ లేదు. నెల్లూరు ఆటోనగర్‌లోనూ చేస్తారు. పావు అంగుళం, వైరు అల్లిక ఉన్న హైడ్రాలిక్ హోస్ రెండు మీటర్లు అడగండి. రెండు మీటర్లు ఎందుకంటే గేజిని ఇంజను రూము బయటికి తెచ్చుకుని, స్టీరింగ్ దగ్గర నిలబడి చూడగలగాలి.

అడాప్టర్లలో అసలు చిక్కు మర (థ్రెడ్) దగ్గర వస్తుంది. సెండరు రంధ్రాలు ఎక్కువగా మూడు రకాలు: ఎనిమిదో వంతు అంగుళం ఎన్‌పీటీ, ఎనిమిదో వంతు బీఎస్‌పీ, ఎం10 బై 1. మూడూ పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. బయటి కొలత బీఎస్‌పీకి 9.7 మిల్లీమీటర్ల దరిదాపు, ఎన్‌పీటీకీ ఎం10కీ 10 దరిదాపు. ఎన్‌పీటీకి అంగుళానికి 27 మరలు, బీఎస్‌పీకి 28. ఒకదాని రంధ్రంలో ఇంకొకటి రెండు మూడు చుట్లు హాయిగా పోతుంది, తర్వాత బిగుసుకుంటుంది. బిగిసింది కదా అని స్పానరు వేసి తిప్పితే పోత ఇనుము బ్లాకులో మర చిట్లుతుంది. పద్ధతి ఏమిటంటే, ఊడదీసిన సెండరునూ కిట్‌లోని అడాప్టరునూ మరకు మర ఆనించి వెలుతురుకు ఎత్తి పట్టుకోవాలి. మధ్యలో వెలుతురు సందు కనపడితే అది వేరే మర. చేత్తో కనీసం నాలుగు చుట్లు సులువుగా పోయినదాన్నే స్పానరుతో బిగించాలి. టెఫ్లాన్ టేపు రెండు చుట్లు చాలు, ముందు మర వదిలేసి చుట్టాలి. చివర దాకా చుడితే టేపు తునక తెగి గ్యాలరీలోకి పోయి ఏ బేరింగు రంధ్రం దగ్గరో కూర్చుంటుంది.

గేజి పెట్టే ముందు

కొత్తగా కట్టిన ఇంజనులో గ్యాలరీ మొత్తం ఖాళీ. పంపు పొడిగా ఉంటుంది, ఫిల్టరు ఖాళీ, ఆయిల్ కూలరు ఖాళీ. గేరు పంపు పొడిగా ఉంటే చాంబరు నుంచి ఆయిలును పీల్చుకోలేదు, గాలినే తిప్పుతూ ఉంటుంది. "కట్టిన ఇంజనుకు ప్రెషర్ లేదు" అనే ఫిర్యాదుల్లో మొదట అనుమానించాల్సింది దీన్నే. పంపు బిగించే రోజే గేర్ల మధ్య వాజలీన్ కూరి ఉంటే ఈ బాధ రాదు. గ్రీజు కూరకూడదు, అది కరగదు, పోయి ఆయిలు దారులకు అడ్డం పడుతుంది. ఫిల్టరు నిలువుగా ఉండే ఇంజన్లలో దాన్ని ఆయిలుతో నింపి బిగించాలి.

ఇవేవీ చేయకుండా కట్టేసి ఉంటే సెండరు రంధ్రమే దారి. కిట్‌లోని అడాప్టరు బిగించి, దానికి హోస్‌తో చేతి స్ప్రేయరు తగిలించి ఒకటి రెండు లీటర్ల ఆయిలు ఒత్తిడితో గ్యాలరీలోకి ఎక్కించాలి. స్ప్రేయరు కొత్తదై ఉండాలి, పొలానికి వాడింది ఎంత కడిగినా వద్దు. రాకరు కవరు (వాల్వుల మీది మూత) తీసి పెట్టి, ఒకరు పుల్లీ నట్టు పట్టుకుని క్రాంకును నెమ్మదిగా తిప్పుతుంటే ఇంకొకరు పంపు కొట్టాలి. రాకర్ల దగ్గర ఆయిలు ఊరితే దారి అంతా నిండినట్టు. ఎక్కించిన ఆయిలు చివరికి చాంబరులోకే చేరుతుంది, లెవెలు చూసేటప్పుడు ఆ లీటర్లు గుర్తుంచుకోండి.

తర్వాత గేజి తగిలించి, స్టాప్ లివరు లాగి పట్టుకుని, డీజిల్ అందకుండా సెల్ఫ్ కొట్టాలి. 10, 15 సెకన్లు తిప్పడం, నిమిషం ఆపడం. ముల్లు సున్నా వదిలి లేవాలి. ఇక్కడ బోటుకు మాత్రమే ఉన్న ప్రమాదం ఒకటుంది. సముద్రపు నీటిని సైలెన్సరులోకి వదిలే రకం ఎగ్జాస్టు ఉంటే, ఇంజను అంటుకోకుండా సెల్ఫ్ తిరుగుతున్నంత సేపూ నీటి పంపు సైలెన్సరును నింపుతూనే ఉంటుంది. పొగ తోసే బలం లేక ఆ నీరు ఎగ్జాస్టు వాల్వుల గుండా సిలిండర్లలోకి వెనక్కి రావచ్చు. కాబట్టి సెల్ఫ్ కొట్టే ముందు సీ కాక్ (సముద్రపు నీరు లోపలికి వచ్చే వాల్వు) మూయాలి, ఇంజను అంటించే ముందు తెరవాలి. తాళంచెవికి ఒక గుడ్డపీలిక కట్టి పెట్టుకుంటే తెరవడం మరచిపోరు.

ఆయిల్ లెవెలు గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. డిప్‌స్టిక్ గీతలు ఇంజను సమతలంగా ఉన్నప్పటి లెక్క. బోటులో ఇంజను షాఫ్టు వాలుకు తగ్గట్టు వెనక్కి వంగి ఉంటుంది. డిప్‌స్టిక్ ముందుంటే ఆయిలు తక్కువ చూపిస్తుంది, వెనకుంటే ఎక్కువ. గీత చూసి నింపితే లీటరు రెండు లీటర్లు తేడా వస్తుంది. ఎక్కువైతే క్రాంకు వెబ్బులు ఆయిలును చిలికి నురగ చేస్తాయి. నురగను పంపు పీలిస్తే ముల్లు ఊగుతుంది, బ్రీదరు నుంచి ఆయిలు కక్కుతుంది, నీలం పొగ వస్తుంది. తక్కువైతే అల మీద బోటు ఒరిగినప్పుడల్లా స్ట్రైనరు (పంపు ఆయిలు పీల్చే చోటి జాలీ) గాలి పీలుస్తుంది. సరైన పద్ధతి: కంపెనీ పుస్తకంలో చెప్పినన్ని లీటర్లు, ఫిల్టరుతో కలిపి, కొలిచి పోయండి. ఇంజను రెండు మూడు నిమిషాలు తిప్పి ఆపండి, పది నిమిషాలు ఆగండి. బోటు నీళ్లలో ఉండగా, డీజిల్, ఐసు వేసుకుని మామూలుగా ఎంత మునుగుతుందో అంతే మునిగి ఉన్నప్పుడు డిప్‌స్టిక్ తీసి, ఆయిలు తగిలిన చోట రంపంతో కొత్త గీత గీయండి. ఇక ఆ బోటుకు అదే ఫుల్ మార్కు.

గేజి ముల్లును చదవడం

ఇంజను అంటించాక పది సెకన్లలో ముల్లు లేవకపోతే ఆపేయాలి. ఇంకొంచెం చూద్దాం అనే మాట వద్దు, కొత్త బేరింగులు పోవడానికి ఆ కొంచెమే చాలు. లేచిందనుకోండి, చల్లగా ఉన్నప్పుడు 4, 5 బార్ చూపించడం మామూలే. ఆ అంకె చూసి సంతోషపడకండి. చల్లటి ఆయిలు చిక్కగా ఉంటుంది, అరిగిన ఇంజనులోనూ మంచి ప్రెషర్ చూపిస్తుంది. నీళ్ల వేడి 80 డిగ్రీలకు చేరి, లోడు మీద అరగంట నడిచాక వచ్చే అంకెలే లెక్క. ఐడిల్‌లో ఒక బార్‌కు తగ్గకూడదు. 1800, 2000 ఆర్‌పీఎంలో 3 నుంచి 4.5 బార్ మధ్య ఉంటే ఎక్కువ ఇంజన్లకు బాగున్నట్టే. మీ ఇంజను పుస్తకంలో వేరే అంకె ఉంటే దానిదే చివరి మాట. పుస్తకం దొరక్కపోతే పాత లెక్క ఒకటుంది: వేడి మీద ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకు పది పిఎస్‌ఐ కనీసం ఉండాలి.

ముందు డాష్‌బోర్డు మీటరుతో పోల్చండి. టెస్ట్ గేజిలో మూడు బార్ ఉండి మీటరులో ఒకటిన్నర ఉంటే ఇంజనుకు రోగం లేదు. 5 బార్ మీటరుకు 10 బార్ సెండరు తగిలిస్తే మీటరు అసలు ప్రెషర్‌లో సగమే చూపిస్తుంది. సెండర్లు రెండూ బయటికి ఒకేలా కనపడతాయి, సెండరు మీద చిన్న అక్షరాల్లో అచ్చు వేసిన అంకె చదివితేనే తెలుస్తుంది. ఒంటి వైరు సెండరుకు ఎర్తు దాని మర ద్వారానే అందుతుంది. దానికి టెఫ్లాన్ టేపు దట్టంగా చుడితే ఎర్తు తెగుతుంది. మీటరు రకాన్ని బట్టి ముల్లు చివరికి పోయి అతుక్కోవచ్చు, కిందే పడి ఉండొచ్చు. పైకి అతుక్కున్నది మరీ ప్రమాదం, నిజంగా ప్రెషర్ పోయిన రోజు కూడా ఫుల్ చూపిస్తుంది.

టెస్ట్ గేజి కూడా తక్కువ చూపించిందా, అప్పుడు ముల్లు ఎట్లా పడుతోందో చూడాలి. కిట్‌కు పెట్టిన డబ్బు ఇక్కడే వసూలవుతుంది.

ముల్లు చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కే కొద్దీ నెమ్మదిగా దిగి ఐడిల్‌లో అర బార్‌కు వస్తే, ఎక్కడో సందు ఎక్కువ ఉంది లేదా ఆయిలు పలచబడింది. బేరింగు సందుకు మామూలు లెక్క జర్నల్ (బేరింగులో తిరిగే క్రాంకు భాగం) వ్యాసం 25 మిల్లీమీటర్లకు 0.025. అంటే 75 మిల్లీమీటర్ల జర్నల్‌కు 0.075 మిల్లీమీటర్లు. క్రాంకు గ్రైండింగులో ఇంకో 0.075 ఎక్కువ తీస్తే సందు రెట్టింపు అవుతుంది. సందు రెట్టింపు అయితే కారిపోయే ఆయిలు రెట్టింపుతో ఆగదు, ఎనిమిది రెట్లు అవుతుంది. సన్నటి సందులో ప్రవాహం సందు మందానికి ఘనం చొప్పున పెరుగుతుంది. అందుకే పంపు మార్చినా ప్రయోజనం ఉండదు, అది ఎంత తోసినా ఆయిలు బేరింగుల పక్కల నుంచి పోతూనే ఉంటుంది. దీనికి నివారణ కట్టేటప్పుడే ఉంది. షెల్లు (బేరింగు రేకు) వెనక అచ్చు వేసిన సైజు (025, 050, లేదా 010, 020) క్రాంకు గ్రైండింగు సైజుతో కలిసిందా చూడాలి, ప్రతి జర్నల్‌కూ ప్లాస్టిగేజ్ దారం పెట్టి నొక్కి కొలవాలి. గ్రైండింగు షాపు వాళ్లు చెప్పిన కొలతను అట్లాగే తీసుకోకండి, మైక్రోమీటరు పెట్టించి మీ కళ్లతో చూడండి.

ఐడిల్‌లోనూ మధ్య స్పీడులోనూ బాగుండి, ఫుల్ స్పీడుకు వెళ్లిన కాసేపటికి ముల్లు జారితే, ఆపి పది నిమిషాలు ఆగి అంటిస్తే మళ్లీ బాగుంటే, ఈ లక్షణం మరచిపోవద్దు: స్ట్రైనరు మూసుకుపోయింది. పంపు పీల్పుకు చెత్త వచ్చి జాలీకి అతుక్కుంటుంది, ఇంజను ఆగగానే రాలిపోతుంది. కొత్తగా కట్టిన ఇంజనులో ఆ చెత్త దాదాపు ఎప్పుడూ సిలికాన్ గ్యాస్కెట్ పేస్టు. చాంబరు ఫ్లాంజి మీద వేలి మందాన పేస్టు పెడతారు, బిగిస్తే బయటికి ఎంత పొంగుతుందో లోపలికీ అంతే పొంగుతుంది. లోపల పొంగింది ఎండి, పురుగుల్లా తెగి ఆయిల్లో తేలుతుంది. జాలీ మీద ఎర్రటి, బూడిదరంగు రబ్బరు పోగులు దట్టంగా పరుచుకుని ఉంటాయి, వేలితో లాగితే సాగుతాయి. రెండు మూడు మిల్లీమీటర్ల సన్న గీత, బోల్టు రంధ్రాల లోపలి వైపున, చాలు. పనివాళ్లు తుడిచే గుడ్డ నూలు కూడా ఇదే పని చేస్తుంది.

ముల్లు కుదురుగా నిలవకుండా ఊగుతుంటే పంపు గాలి పీలుస్తోంది. లెవెలు సరిగ్గా ఉంటే పికప్ పైపు జాయింటు చూడాలి. దాని ఓ రింగు తెగినా, గ్యాస్కెట్ లేకుండా బిగించినా ఇట్లా అవుతుంది. ఒక పరీక్ష ఉంది: పుస్తకంలో ఉన్నదానికన్నా లీటరు ఆయిలు తాత్కాలికంగా ఎక్కువ పోసి ఐడిల్‌లో మాత్రమే చూడండి. ఊగడం ఆగితే గాలి దూరే జాయింటు ఆ ఎత్తులో ఆయిల్లో మునిగిందన్న మాట. చూశాక ఎక్కువ పోసింది వెంటనే తీసేయాలి.

మొదటి నుంచీ చివరి దాకా తక్కువే ఉండి, వేడికీ స్పీడుకూ పెద్దగా మారకపోతే రిలీఫ్ వాల్వు (ప్రెషర్ ఎక్కువైతే ఆయిలును వదిలేసే వాల్వు) తెరుచుకుని ఉండిపోయిందేమో చూడాలి. చాలా ఇంజన్లలో ఒక పెద్ద నట్టు విప్పితే స్ప్రింగు, ప్లంజరు చేతికొస్తాయి, ఇంజను లేపక్కర్లేదు. ప్లంజరు మీద గ్రైండింగు రజను గీరిన గీత ఉంటుంది. క్రాంకు లోపలి రంధ్రాల డమ్మీలు (మూత బిరడాలు) విప్పి బ్రష్షు పెట్టి కడగకుండా కట్టిన ఇంజన్లలో ఆ రజను ముందు ఇక్కడికే వస్తుంది, తర్వాత బేరింగులకు పోతుంది. వాల్వు శుభ్రం చేసినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. బ్లాకు గ్యాలరీ చివర డమ్మీ బిగించడం మరచినా ముల్లు ఇట్లాగే పడి ఉంటుంది.

ప్రెషర్ మరీ ఎక్కువ ఉన్నా చూడాల్సిందే. వేడి మీద కూడా 6, 7 బార్ ఉంటే రిలీఫ్ వాల్వు మూసుకుని బిగుసుకుంది, లేదా ముందు దారి మూతపడింది. మెయిన్ బేరింగు షెల్లుల్లో ఆయిలు రంధ్రం ఉన్న సగం బ్లాకు వైపు ఉండాలి. అది కిందికీ, రంధ్రం లేనిది పైకీ వేస్తే ఆ జర్నల్‌కూ, దాని నుంచి అందాల్సిన బిగ్ ఎండ్‌కూ (కనెక్టింగ్ రాడ్డు కింది బేరింగు) చుక్క ఆయిలు పోదు. గేజి మాత్రం బ్రహ్మాండంగా చూపిస్తుంది. గేజి చెప్పేది గ్యాలరీలో ఆ ఒక్క చోటి సంగతే. క్యామ్ బుష్ రంధ్రం తప్పి కూర్చున్నా, రాకర్ షాఫ్టు అటుది ఇటు తిప్పి బిగించినా గేజికి తెలియదు. కాబట్టి మొదటి రోజు రాకరు కవరు తీసి, ఐడిల్‌లో ప్రతి రాకరు దగ్గరా ఆయిలు వస్తోందో లేదో కంటితో చూసి తీరాలి.

ఈ గేజికి కనపడనివి

ఆయిల్లో నీళ్లు కలిస్తే గేజి ఆలస్యంగా చెబుతుంది, డిప్‌స్టిక్ ముందే చెబుతుంది. ఆయిలు పాలు కలిపిన టీ రంగుకు మారుతుంది. అనుమానం ఉంటే వేడి పెనం మీద ఒక చుక్క వేయండి, చిటపటమంటే నీరుంది. ఆ నీరు ఎక్కడిదన్నదే ప్రశ్న. హెడ్డర్ ట్యాంకు (ఇంజను చల్లబరిచే మంచినీళ్ల ట్యాంకు) ఉన్న ఇంజన్లలో తేల్చడం సులువు. ట్యాంకులో నీళ్లు తగ్గుతుంటే లోపలి మంచినీళ్లే దిగుతున్నాయి: హెడ్ గ్యాస్కెట్, తడి లైనర్ల కింది ఓ రింగులు చూడాలి. ట్యాంకు తగ్గకుండా ఆయిలు లెవెలు పెరుగుతుంటే సముద్రపు నీళ్లు: ఆయిల్ కూలరు ట్యూబు, నీటి పంపు సీలు, ఎగ్జాస్టు దారి చూడాలి. ఉప్పునీళ్లని తేలితే ఒక్క రాత్రి కూడా ఆ ఆయిలు ఉంచకండి. కారణం సరిచేసి, చవక ఆయిలు పోసి వేడెక్కే దాకా తిప్పి తీసేయండి, రంగు బాగయ్యే దాకా ఇట్లా రెండు మూడు సార్లు ఫిల్టరుతో సహా. తెల్లారి చూద్దామంటే బేరింగుల మీద తుప్పు మచ్చలు పడతాయి.

లెవెలు పెరిగి, ఆయిలు పలచగా, డీజిల్ వాసన వస్తుంటే ఫీడ్ పంపు డయాఫ్రం, ఇంజెక్టరు లీకాఫ్ పైపులు, ఇంజెక్షన్ పంపు సీళ్లు చూడాలి. ఇది గేజిలో "వేడి మీద పడిపోయే ముల్లు"గా కనపడి బేరింగుల మీదికి నెపం పోతుంది. ఇంజను లేపే ముందు ఆయిలు మార్చి ఒకసారి కొలవండి.

పొగ, ఆయిలు ఖర్చు వేరే సంగతి. ఒడ్డున కట్టేసి గంటల తరబడి ఐడిల్‌లో తిప్పితే రింగులు కుదురుకుంటాయని ఒక నమ్మకం ఉంది, అది తప్పు. రింగును లైనరుకు ఒత్తేది మంట ఒత్తిడే. లోడు లేకపోతే ఆ ఒత్తిడి ఉండదు, హోనింగు గీతలు జిడ్డు గట్టి నున్నగా మెరుపు తేలతాయి, తర్వాత ఎప్పటికీ ఆయిలు తాగుతూనే ఉంటుంది. వేడెక్కగానే బోటును బయటికి తీసి సగం నుంచి ముప్పావు లోడు మీద, స్పీడు మారుస్తూ నడపాలి. మొదటి 25 నుంచి 50 గంటలు ఫుల్ థ్రాటిల్ వద్దు, సింథటిక్ ఆయిలూ వద్దు. మామూలు 15డబ్ల్యు-40 గానీ, కంపెనీ ఒప్పుకుంటే 40 గ్రేడు గానీ, సీలున్న డబ్బా కొనండి. లూజు ఆయిలు ఎంత చవకైనా కొత్త ఇంజనులో పోయకండి. రింగులు కుదిరాక కూడా వంద లీటర్ల డీజిల్‌కు అర లీటరు ఆయిలు దాటుతుంటే విప్పి చూడాల్సిందే. లోడు మీద నీలం పొగ వస్తే రింగుల వైపు, ఆగి ఉండి అంటించగానే ఒక గుప్ప వచ్చి తగ్గితే వాల్వు గైడుల వైపు వెతకండి.

మొదటి 25, 50 గంటలకు ఆయిలు మార్చేటప్పుడు ఫిల్టరును కోసి చూడటం గేజి కన్నా ఎక్కువ చెబుతుంది. హాక్సా వాడితే దాని రజనే కాగితంలో పడి మోసం చేస్తుంది, ఫిల్టరు కట్టరు వాడాలి. కాగితం మడతలు డీజిల్‌లో జాడించి అయస్కాంతం పెట్టండి. అంటుకునేది ఇనుము: రింగులు, లైనర్లు, గేర్లు. సన్నటి నలుసులు కాస్త ఉండటం కొత్త ఇంజనుకు మామూలే. రాగి రంగు రేకులు కనపడితే బేరింగు పై పూత పోయి లోపలి పొర వస్తోంది, అప్పుడు ముల్లు ఎంత బాగున్నా వేటకు పంపకండి.

ఎవరు కొనాలి

ఆరు సిలిండర్ల లేలాండ్ వంటి ఇంజన్లున్న మరబోటు యజమానికి, కట్టే మెకానిక్కుకు ఇది కొనదగ్గ వస్తువు. రొయ్యల చెరువుల దగ్గర జనరేటర్ సెట్లకూ ఇదే కిట్ పనికొస్తుంది కాబట్టి అల్లూరు, విడవలూరు వైపు మెకానిక్కులకు ఏడాది పొడుగునా పని చేస్తుంది. ఫైబరు బోట్లకు వాడే చిన్న సింగిల్ సిలిండరు ఇంజన్ల వాళ్లు కొనే ముందు ఇంజనుకు ప్రెషర్ పోర్టు ఉందో లేదో చూసుకోండి. చిమ్ముడు పద్ధతిలో ఆయిలు అందే ఇంజన్లలో గేజి తగిలించే చోటే ఉండదు, అక్కడ ఈ డబ్బు దండగ.

బోటులోనే వదిలేయాలనుకుంటే సెండరు రంధ్రానికి ఇత్తడి టీ కలిపి, ఒక వైపు సెండరు, ఇంకో వైపు గేజి హోస్ పెట్టుకోవచ్చు. టీ మీద సెండరు బరువు అదురుకు ఊగి మెడ దగ్గర విరుగుతుంది, కాబట్టి టీని ఇంజను మీదే పెట్టకుండా చిన్న హోస్‌తో పక్క గోడకు తెచ్చి క్లాంపు వేయాలి. సెండరు ఒంటి వైరుదైతే దాని ఒంటికి విడిగా ఎర్తు వైరు కలపాలి. కిట్ పెట్టెలోనే ఉంచుకునేవాళ్లు వాడిన ప్రతిసారీ ఇనుప అడాప్టర్లకు ఇంజను ఆయిలు రాసి పెట్టండి. ఉప్పుగాలికి వాటి జింకు పూత ఒక సీజను కూడా నిలవదు. తుప్పు పట్టిన అడాప్టరును మళ్లీ బ్లాకులో బిగించకండి.